అమ్మ జాడీ, మన అరుగు

మన సంఘం ఆవరణలో వేపచెట్టు కింద కట్టిన కొత్త అరుగు మీద, తెల్ల పెంకుల మధ్య ఆ గోధుమరంగు గీత ఏమిటని చాలామంది అడిగారు. మేస్త్రీ పనితనం అని ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను. అసలు సంగతి వేరే.

మా అమ్మ పెళ్ళయి నెల్లూరు నుంచి మద్రాసు వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో ఒక ఆవకాయ జాడీ ఉండేది. పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు. ప్రతి వేసవిలో దానికి వాసెన కట్టి మూలన పెడితే, మూడోరోజు తిరగకలిపేదాకా మేం ఆ గదిలోకి పోకూడదు. మూడేళ్ళ క్రితం పెరంబూరు ఇల్లు ఖాళీ చేసి అపార్టుమెంటుకు మారేటప్పుడు, మెట్ల మీద అది నా చేతిలోంచే జారింది. అమ్మ అప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంది. ముక్కలన్నీ గోనెసంచిలో వేసి బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక దాచాను.

"జాడీ యాడరా?" అని అడిగింది.

"ఇంకా కొన్ని పెట్టెలు విప్పలేదమ్మా."

మూడేళ్ళూ అదే మాట. అమ్మ ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ పెట్టింది, మళ్ళీ అడగలేదు.

చెత్తబండిలో వేయడానికి మనసొప్పలేదు. మట్టితో చేసిందే అయినా, బట్టీలో 1,200 డిగ్రీల దాకా కాలాక అది మళ్ళీ మట్టిలో కలవదు. గాజులా కరిగించి పోయనూ లేము. జపాన్‌లో పగిలిన గిన్నెల్ని లక్కతో అతికి బంగారుపొడి అద్దుతారని మా అమ్మాయి వీడియో చూపించింది. మన బంగారం ధర తెలిసిందే కదా! పైగా నాది నలభై ముక్కలు.

పోయిన వేసవిలో మన మిద్దె మీద పాత తళం తీసి, ఎండను తిప్పికొడుతుందని తెల్ల టైల్సు ముక్కలు పరిపించాం గుర్తుందా? మిగిలిన ముక్కలతో అరుగు కడదాం, వంటగదిలో అంచులు విరిగిన కప్పులూ సాసర్లూ కూడా వాడదాం అన్నాను. పగిలిన పింగాణీ శుభమా అని పెద్దలు ఇద్దరు అడ్డుచెప్పారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, మా ఇంట్లోనూ అదే పట్టింపు. కానీ చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూసొచ్చాను. రోడ్ల ఇన్‌స్పెక్టరు నేక్‌చంద్ పగిలిన కప్పులు, గాజులు, కరెంటు ఫ్యూజులు ఏరి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి అడవిలో బొమ్మలు కట్టాడు. బయటపడ్డాక కూలగొట్టకుండా 1976లో జనం కోసం తెరిచారు. అది చెప్పాక పెద్దలు సరేనన్నారు.

మర్నాడు నా గోనెసంచి తీసుకెళ్ళాను. మేస్త్రీ ఒక ముక్క తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. జాడీ గుండ్రం, ముక్క వంపు తిరిగి ఉంటుంది, సిమెంటులో చదునుగా కూర్చోదు. గుచ్చుకుంటుంది కూడా. నా ముఖం చూశాడో ఏమో, కాసేపాగి సుత్తి తీసుకుని గోనెసంచి మీదే మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. రూపాయిబిళ్ళంత చిన్నవి అయ్యేసరికి వంపు తెలియకుండా పోయింది. అంచులు రాయి మీద అరగదీసి, ఒక్కొక్కటే వేలితో నొక్కి, సందుల్లో తెల్లసిమెంటు పూశాడు. అరుగు అంచు పొడవునా ఒక్క వరసకు సరిపోయాయి. రెండోసారి ఆ జాడీని పగలగొడుతుంటే చూడలేక నేను టీ తెస్తానని బయటికి వెళ్ళాను.

ఉగాదికి అమ్మను తీసుకొచ్చాను. ఎండ తగ్గాక అరుగు మీద కూర్చోబెట్టాను. మాట్లాడుతూ మాట్లాడుతూ చేత్తో అంచు తడిమింది. ఆ వేళ్ళు కాసేపు అక్కడే ఆగాయి.

"పగలగొట్టినావా?"

"మెట్ల మీద జారిందమ్మా."

చాలాసేపు మాట్లాడలేదు. హాల్లో పంచాంగ శ్రవణం మొదలైంది, లేద్దామా అన్నాను.

"మూత?" అంది.

"మూత బాగానే ఉంది. పేపర్లో చుట్టి పెట్టాను."

"రేపు తీసి కడుగు. ఉప్పుచట్టికి సరిపోతుందేమో చూద్దాం."