మొఖం వాచినదానా

ఇంట్లో అందరూ పండుకున్నాక నేను వంటింట్లోకి పోతాను. లైటు వెయ్యను. గిన్నెలో మిగిలిన అన్నం నిలబడే తింటాను. కూర ఉంటే కూర, లేకుంటే ఉప్పుకారం. ఆకలి తీరినంక కూడా చెయ్యి ఆగదు. కడుపు నొప్పి లేస్తేనే ఆగుతుంది. గిన్నె కడిగి బోర్లించి, దొంగలాగ వచ్చి పండుకుంటాను. నేను టీచర్ని. నెలనెలా జీతం వస్తుంది. బియ్యం డబ్బా ఖాళీ అయిన రోజు లేదు. మరి ఈ చీకటి తిండి ఎందుకు?

మనోళ్ళు ఆకలి గురించి చాలా రాసిండ్రు. తిండి దొరికినంక కూడా వదలని దాని గురించి నేను రాస్తున్న.

మాది నందిపేట్, మాదిగవాడ. పసుపు తవ్వే రోజులల్ల మా అవ్వ కూలికి పోయేది. మిగిలిన రోజులు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేది. 1984ల నేను మూడో తరగతి. పటేలు కల్లంలో పసుపు ఉడకబెడుతున్నరు. అవ్వ వెంట నేనూ పోయిన. మధ్యాహ్నం బువ్వ పెట్టిండ్రు. అందరూ పందిరి కింద, మేం పెంటకుప్ప పక్కన. మోదుగాకు విస్తర్లల్ల పటేలమ్మ పైనుంచి పప్పు పోసింది. రుచిగున్నది. "ఇంకింత పెట్టుండ్రి పటేలమ్మా" అన్న.

"ఏందే, తిండికి మొఖం వాచినట్టు! ఎంత పెట్టినా నిండని కడుపులు మీయి" అన్నదామె. పందిరి కింద అందరూ నవ్విండ్రు. నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ లేచొచ్చి నా వీపు మీద ఒక్కటేసింది. "లేవే, మొఖం వాచినదానా!" అని విస్తరి మడిచేసింది.

ఆ దెబ్బ ఆనాడే మర్చిపోయిన. మాట మాత్రం నా పేరైంది. ఇంట్లో రెండోసారి చెయ్యి చాపితే అవ్వ ఆ మాటనే అనేది. నాయిన నవ్వేటోడు. వాడల పోరగాళ్ళు దాంతోనే పిలిచేటోళ్ళు. తర్వాత హాస్టల్ల చేరిన. పళ్ళెం పట్టుకుని మళ్ళీ లైన్ల నిలబడితే, గరిటె పట్టుకున్నాయన అందరికీ వినపడేటట్టు లెక్క చెప్పేటోడు. నేను రెండోసారి పోవుడు బంద్ చేసిన. పొద్దుటి ఉప్మా కాగితంలో దాచి, రాత్రి దుప్పట్ల తినేదాన్ని.

అదే అలవాటు పెద్దయినంక కూడా. పెళ్ళిళ్ళల్ల, స్టాఫ్ రూంల "ఒక్కపొద్దున్న" అని అబద్ధం చెప్పేదాన్ని. షుగరొచ్చింది. డాక్టరు తిండి తగ్గించుమని చీటీ రాసిచ్చిండు. ఆ చీటీ చూసినప్పుడల్లా పటేలమ్మ గొంతు వినపడేది. ఆఖరికి హైదరాబాదులో ఒక మానసిక వైద్యురాలు, "చిన్నప్పుడు నీ తిండి గురించి ఎవరేమనేవాళ్ళు?" అని అడిగింది. గంటసేపు ఏడ్చిన.

ఆమె విడమరిచి చెప్పింది. సిగ్గుతో పగలంతా మాడ్చుకుంటే, రాత్రి ఒళ్ళు మాట వినదు. తిన్నంక మళ్ళీ సిగ్గు. తెల్లారి మళ్ళీ మాడ్చుకునుడు. తిట్లు పడ్డ పిల్లలందరికీ ఇట్లనే కావాలని లేదు, కానీ చాలామందికి అయితదట. ఇట్ల ఆపుకోలేని తిండిని అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 2013లో విడి జబ్బుగా చేర్చింది. అక్కడే విన్సెంట్ ఫెలిటి అనే డాక్టరు 1980లలో లావు తగ్గించే వైద్యం నడిపిండు. బరువు తగ్గుతున్నోళ్ళే మధ్యల మానేసిపోతుంటే, ఎందుకని వాళ్ళనే అడిగిండు. చాలామంది చిన్నప్పుడు హింస పడ్డోళ్ళని తేలింది. దాంట్లోంచి పుట్టిన పరిశోధన 1998లో అచ్చయింది. ఇంట్లో పడ్డ తిట్లూ అవమానాలూ అందులో లెక్కించిండ్రు. కులం లెక్క అందులో లేదు. ఆ లెక్క మనమే రాయాలె.

బాబాసాహెబ్ అంబేడ్కర్ రాసుకున్నరు. 1901లో, పిల్లగాడిగా, తండ్రి దగ్గరికి ప్రయాణమైండు. బుట్టలో తిండి ఉన్నది. అంటరాని పిల్లలకు నీళ్ళిచ్చేటోళ్ళు లేక ఆ రాత్రి తినకుండనే పండుకున్నరు. తిండి ఉండుడు వేరు, తినగలుగుడు వేరు.

అవ్వ మీద నాకు చాలా ఏండ్లు కోపముండె. ఒకనాడు అడిగేసిన. అవ్వ బీడీలాకు కత్తిరించుకుంటనే చెప్పింది: "రేపు కూలికి రావద్దంటే ఏం చేద్దు బిడ్డా? ఆమె ఇంకోమాట అనకముందే నేనే అన్న." అవ్వ నోట్లోంచి వచ్చినా ఆ మాట అవ్వది కాదు. అయినా నాకు తగిలింది. రెండూ నిజమే.

మొన్న చుట్టాలింట్లో నా బిడ్డ రెండోసారి బిర్యానీ పెట్టుకుంది. "ఏందే, మొఖం వాచినదానా" అన్న. నేనే అన్న. పిల్ల పళ్ళెం కింద పెట్టేసింది. తలకాయ వంచుకున్నది.

బళ్ళల్ల వండిన బువ్వ పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు మా బళ్ళో పిల్లలు లైన్ల నిలబడుతరు. రెండోసారి వచ్చిన పిల్లను చూసి ఎవరైనా నవ్వితే, నేను గరిటె తీసుకుని నేనే వడ్డిస్త. హాస్టళ్ళల్ల ఉన్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు కూడా ఆ గరిటె దగ్గర ఏ మాట పడుతున్నదో చూడాలె.

ఆ రాత్రి మాత్రం వంటింట్లో లైటు వేసిన. బిడ్డను లేపిన. ఇద్దరం కింద కూసున్నం. "ఆ మాట తప్పు బిడ్డా, ఇంక అనను" అన్న. అది ఏం మాట్లాడలేదు. పప్పు గిన్నె నా దిక్కు జరిపింది. బిడ్డ చూస్తుండంగ రెండోసారి పెట్టుకున్న. చెయ్యి వణికింది.