చరిత్రను ఆడి చూపుదాం

మధుర నుంచి తెన్‌కాశి పోయే దారిలో శ్రీవిల్లిపుత్తూరు గోపురం వెనుకబడగానే పడమటి కనుమలు దగ్గరకు వస్తాయి. ఆ కొండల అడుగున ఉన్నది మన రాజపాళయం. నూలు మిల్లులు, మామిడి తోటలు, తెల్లని వేటకుక్కలు - ఊరి పేరు విన్నవారికి ఈ మూడూ తెలుసు. విజయనగర కాలంలో ఉత్తరాన్నుంచి తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఇన్ని తరాల తరువాత కూడ ఇంట తెలుగే మాట్లాడుతున్నవన్న సంగతి మాత్రం బయటివారిలో కొందరికే తెలుసు. మన పిల్లలకైనా, ఎందుకు వచ్చామో, ఎలా వచ్చామో ఎంతమందికి తెలుసు?

చరిత్రను గురించి ఉపన్యాసం పెట్టిస్తే ముందు వరుసల్లో తలలు నెరసినవారమే కూర్చుంటాము. పిల్లలు సరిగా ఫలహారాల వేళకు వస్తారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. రెండు గంటలు కదలకుండా కూర్చోమంటే ఆ వయసులో మనం మాత్రం కూర్చున్నామా?

ఇటువంటి చిక్కు మనకొక్కరికే లేదు. ఐరోపాలో పూర్వపు రోమన్ సైనికుల జీవితాన్ని వేషాలతో ఆడి చూపే సంఘాలు చాలా ఉన్నాయి. ఇంగ్లండులో ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే సంఘం 1972లో పుట్టింది. తవ్వకాలలో దొరికిన కవచాలను, శిరస్త్రాణాలను పరిశీలించి, అచ్చంగా అటువంటివే చేసి, ధరించి, వారు కవాతు చేస్తారు. రోము నగరంలో ఏటేటా ఏప్రిల్ 21 ప్రాంతాన, నగరం పుట్టినరోజంటూ ఇటువంటి వేషధారులు ఊరేగుతారు. కవచం చేయించుకోవాలంటే చాలా డబ్బు కావాలి. చదువుకునే కుర్రవాడికి అది ఎక్కడిది? అందుచేత తెలివైన సంఘాలవారు కొత్తగా వచ్చినవారికి తమ సామాను ఎరువిస్తారు. పసిపిల్లలకు చిన్న డాలు, కర్రకత్తి ఇచ్చి వరుసలో నడిపిస్తారు. ఒకసారి డాలు పట్టినవాడు, ఈ డాలు ఇంత పెద్దదిగా ఎందుకున్నదని తానే అడుగుతాడు. చరిత్ర పాఠం అక్కడ మొదలవుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. మన తెలుగునాట పల్నాడులోని కారంపూడి చూడండి. పన్నెండవ శతాబ్దపు పలనాటి యుద్ధాన్ని స్మరిస్తూ అక్కడ ఏటా కార్తీకమాసం చివర మొదలై ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. వీరాచారం పాటించే కుటుంబాలవారు తాము పూజించే వీరుల ఆయుధాలను, కొణతాలను, ఊరూరి నుంచి మోసుకొని వస్తారు. అన్ని కులాలవారిని ఒకే పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడునూ అక్కడ తలచుకుంటారు. తండ్రి మోసిన ఆయుధం రేపు తనదని తెలిసిన కొడుకును రమ్మని ఎవరూ పిలవనక్కరలేదు.

ఈ రెండు చోట్లా నేర్చుకోవలసింది ఒక్కటే. యువకులు చూడటానికి రారు. చేతికి పని ఇస్తే వస్తారు.

మరి మనం ఆడి చూపవలసిన కథ ఏది? అది మన గుమ్మంలోనే ఉన్నది. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగున రచించిన ఆముక్తమాల్యదలో గోదాదేవి కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. మన ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. కళింగ దండయాత్రకు పోతూ రాయలు కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆగినప్పుడు, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి ఈ కథను తెలుగులో చెప్పమన్నాడని ఆ కావ్యంలోనే ఉన్నది. ఆ విడిదిని ఒక రోజు మన మైదానంలో నిలబెడితే ఎలా ఉంటుంది? విడిది అంటే రాజు ఒక్కడే కాదు. బల్లెంవారు, గుర్రపువారు, వంటవారు, లేఖకులు, దండలు కట్టేవారు - నలభై, యాభై మంది కావాలి. మగపిల్లలకూ ఆడపిల్లలకూ పని ఉన్నది. నూలు వడికే ఊళ్ళో బట్టకు కొదవ లేదు. మన కుక్కల్ని పట్టుకొని నిలబడమంటే పదేళ్ళవాళ్ళు పోట్లాడుకొని వస్తారు!

ఇంకొక మేలు కూడ ఉన్నది. మన పిల్లలలో చాలామందికి తెలుగు చెవికి తెలుసు గాని కంటికి తెలియదు. ఇంట మాట్లాడతారు, అక్షరాలు చదవలేరు. పాత్రకు నాలుగు మాటలు తెలుగు లిపిలో వ్రాసి ఇస్తే, ఆ నాలుగు మాటల కోసమైనా అక్షరాలు కూడబలుక్కుంటారు. ఉద్యోగాలకై చెన్నపట్నం, బెంగుళూరు, అమెరికా పోయే బిడ్డలకు మనం కట్టి ఇవ్వగలిగిన మూట అది.

రెండు జాగ్రత్తలు కావాలి. శాసనంలో ఉన్నదేది, కావ్యంలో ఉన్నదేది, అవ్వ చెప్పినదేది అని పిల్లలకు వేరువేరుగా చెప్పాలి. మూడింటికీ విలువ ఉన్నది గాని మూడూ ఒకటి కాదు. ఇక, ఇది మన కులం గొప్పను చాటుకునే ఊరేగింపు కాకూడదు. ఇరుగుపొరుగు తమిళ పిల్లలనూ పిలవాలి. గోదాదేవి వారికి ఆండాళ్ కదా!

మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న కుమారస్వామి రాజాగారు తమ ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చివేసిన ఊరు మనది. మనల్ని ఇల్లు ఇమ్మని ఎవరూ అడగటం లేదు. పెట్టెల్లో మడతపెట్టిన పాత తలపాగా ఒకటి, ఒక ఆదివారం సాయంకాలం, పిల్లలు అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పే ఓపిక - ఇవి ఇస్తే చాలు.