ఓర్వకల్లులో ఓర్పు పరీక్ష

కర్నూలులో నంద్యాల బస్సెక్కితే కాసేపటికే కిటికీ బయట దృశ్యం మారిపోతుంది. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాళ్లు... రాళ్లు... రాళ్లు! మధ్యలో నీటి మడుగు. అదే ఓర్వకల్లు రాక్ గార్డెన్. సిలికా దండిగా ఉన్న ఈ శిలల్ని ఎండా, వానా, గాలీ యుగాలుగా చెక్కుతున్నాయి. అయినా అవి నిలబడే ఉన్నాయి.

ఇదే మండలంలో జనం అడుగుపెట్టలేని చోటు ఒకటుంది. పాలకొలను దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం... నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్. 2025 ఏప్రిల్ 13న అక్కడ ఒక వాహనం మీద అమర్చిన లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. గుండు లేదు, మందుగుండు లేదు. వెలుగుతోనే డ్రోన్లను దెబ్బతీశారు. 30 కిలోవాట్ల ఈ లేజర్‌ను రూపొందించింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల 'చెస్'. కొన్ని సెకన్లు ప్రయోగిస్తే అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరంతేనని డీఆర్‌డీవో చెప్పింది.

రాయి ఎండకు ఓర్చుకుంటుంది. మరి డ్రోన్ రెక్క లేజర్‌కు ఎంతసేపు ఓర్చుకుంటుంది?

నాలుగు వేల సూర్యుళ్లు!

కర్నూలు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఓర్వకల్లు మండలంలోని శకునాలలోనూ, పక్కనే గనిలోనూ వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది అందుకే. మిట్టమధ్యాహ్నం ఆ ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్ వేడిని మోసుకొస్తుంది. అదే 30 కిలోవాట్ల లేజర్ మొత్తం పది సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మచ్చ మీద పడిందనుకుందాం. అక్కడి తీవ్రత మన ఎండకు దాదాపు 3,800 రెట్లు!

ఇంత వేడిని ఎదుర్కోవాల్సిన డ్రోన్ ఒళ్లు చాలావరకు లోహం కాదు. ఫైబర్ కాంపోజిట్. మట్టిలో వరిగడ్డి కలిపి గోడ పెట్టినట్టే ఇదీ. గాజు పోగుల్నో కార్బన్ పోగుల్నో పొరలు పొరలుగా పరిచి, ఎపాక్సీ లాంటి రెసిన్‌తో అంటిస్తారు. బలం పోగుది, పట్టు రెసిన్‌ది. గాజు పోగులో సగానికి పైగా ఉండేది ఓర్వకల్లు రాళ్లలో ఉండే సిలికాయే.

నివురు చేసే మేలు

లేజర్ సోకగానే ముందు బలయ్యేది రెసిన్. 300-400 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది విడిపోయి, కొంత వాయువుగా, కొంత బొగ్గుగా మారుతుంది. చూసేవాళ్లకది నాశనమే. కానీ రక్షణ మొదలయ్యేదీ అక్కడే. బయటికి తన్నుకొచ్చే వాయువులు కొంత వేడిని మోసుకుపోతాయి. పొగ, మసి కిరణానికి అడ్డుపడతాయి. మిగిలిన బొగ్గుపొర కుంపట్లో నిప్పును కప్పిన నివురులా వేడిని లోపలికి చప్పున పోనివ్వదు. ఫినాలిక్ రెసిన్‌లో ఈ బొగ్గు మరింత ఎక్కువగా మిగులుతుంది. రాకెట్ నాజిళ్ల లోపలి తొడుగులకు దాన్ని వాడేది అందుకే.

పోగును బట్టి కూడా కథ మారుతుంది. ఇలాంటి లేజర్ల కాంతిని గాజు కొంత లోపలికి పోనిస్తుంది. రెసిన్ నల్లబడ్డాకే పైపొర దాన్ని ఆపుతుంది. 850 డిగ్రీల ప్రాంతంలో గాజు పోగూ మెత్తబడుతుంది. కార్బన్ నల్లనిది కాబట్టి కాంతినంతా పైనే మింగేస్తుంది. ప్రాణవాయువు తగలకపోతే మూడు వేల డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. వేడి దాని పోగు వెంట పరుగెడుతుందే తప్ప పొర నుంచి పొరకు అంత తేలిగ్గా దిగదు.

అయితే డ్రోన్ ఎగిరేది గాలిలో! ఆ గాలి రెక్కను కాస్త చల్లబరుస్తుంది, నిజమే. కుంపటి ఊదితే ఏమవుతుంది? నివురు లేచిపోయి నిప్పు రాజుకుంటుంది. ఇక్కడా అంతే. గాలి బొగ్గుపొరను ఎగరగొట్టి, కార్బన్‌కు ప్రాణవాయువు అందించి, పోగును కాల్చేస్తుంది.

చిల్లు పడక్కర్లేదు

అసలు కిటుకు వేరే ఉంది. రెక్కకు చిల్లు పడేదాకా లేజర్ ఆగనక్కర్లేదు. సాధారణ ఎపాక్సీలు రెండొందల డిగ్రీలైనా చేరకముందే మెత్తబడతాయి. పోగులు చెక్కుచెదరకుండా ఉన్నా వాటిని పట్టి ఉంచే జిగురు సడలుతుంది. పొరలు విడతాయి. బరువు మోస్తున్న రెక్క అలాంటప్పుడే వంగి విరుగుతుంది. బరువు మోయని మూత మాత్రం అదే వేడికి ఇంకాస్త నిలుస్తుంది.

అంటే కాంపోజిట్ వేడిని జయించదు. తాను పొర పొరగా కాలిపోతూ లోపలి వాటికి కొన్ని సెకన్లు సంపాదించి పెడుతుంది. ఆ సెకన్లలో డ్రోన్ మెలికలు తిరిగినా, దుమ్ము అడ్డొచ్చినా మచ్చ చెదురుతుంది. అందుకే కిరణాన్ని ఒకేచోట కదలకుండా నిలపడమే లేజర్‌కు అసలు పరీక్ష. పైగా డ్రోన్ కంటికి ఈ కవచం ఉండదు. ఏప్రిల్ పరీక్షలో డ్రోన్ల నిర్మాణంతో పాటు నిఘా సెన్సర్లు, యాంటెన్నాలు కూడా దెబ్బతిన్నాయి.

ఆ క్షేత్రంలోకి సందర్శకులకు ప్రవేశం లేదు. రాక్ గార్డెన్‌కు మాత్రం కర్నూలు నుంచి బస్సులుంటాయి. ఓర్వకల్లులోనే 2021లో విమానాశ్రయం కూడా వచ్చింది. వెళ్తే సాయంత్రం పూట వెళ్లాలి. పొద్దు వాలాక కూడా రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ రాయికి యుగాల ఓర్పు. అదే సిలికాతో మనిషి నేసిన రెక్కకు కొన్ని సెకన్లే!