సవరణ వెళ్లని ఇళ్లు

హల్వా తయారీలో అందరూ ఫోను బయటికి తీసేది చివర్లో. నెయ్యి తేలి, జీడిపప్పు పడి, ముద్ద తెడ్డుకి అంటకుండా కదులుతున్నప్పుడు. నేను తీసింది అంతకు ముందరి పని. మా మాడుగుల హల్వాకి గోధుమలు మూడు రోజులు నానాలి. వాటిని రుబ్బి, పాలు పిండి, ఆ పాలని ఒక రోజు పులవనివ్వాలి. తెల్లారేసరికి పైన మసక నీళ్లు, అంచుల్లో నురగ, దగ్గరికెళ్తే ముక్కు ముడుచుకునే పులుపు వాసన. పైనీళ్లు వంచేసి, అడుగున పేరుకున్న చిక్కటి పాలని పంచదారతో, నెయ్యితో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలుపుతారు. 1890 ప్రాంతంలో దంగేటి వారు మొదలుపెట్టారని చెప్పుకునే ఈ పని ఇప్పుడు మా మెయిన్‌రోడ్డు మీద ఎన్నో దుకాణాలకి బతుకుతెరువు.

ఆ నురగ మీద కెమెరా పెట్టి, ‘ఇది చూశాక కూడా మాడుగుల హల్వా తింటారా?’ అని నా గొంతుతో అన్నాను. ఆ తర్వాత పులవబెట్టడం ఎందుకో, పైనీళ్లు ఎలా వంచుతారో అన్నీ వివరంగానే చెప్పాను. చివర్లో ముక్క నోట్లో వేసుకుని మెచ్చుకున్నాను కూడా. కానీ చూసేవాడు మొదటి మూడు సెకన్లలో వేలు పైకి తోసెయ్యకుండా ఆపాలంటే ముందు భయపెట్టాలని నేర్చుకున్నవాణ్ని. 2020లో టిక్‌టాక్‌ని నిషేధించిన కొద్ది రోజులకే రీల్స్ వచ్చినప్పటి నుంచీ ఊరూరా నాలాంటి వాళ్లు నేర్చుకున్న విద్య ఇదే.

ఎవరో ఆ మొదటి ముక్క వరకే కత్తిరించారు. వివరణ లేదు, మెచ్చుకోలు లేదు. నురగ, నా ప్రశ్న, వెనక గోడ మీద దుకాణం పేరు. అంతే.

నాకు మందలింపు రాలేదని కాదు. కత్తిరింపు బయల్దేరక ముందే ఒకాయన నా వీడియో కింద ‘ఆ మొదటి మాట తీసేయండి, తప్పుగా పోతుంది’ అని రాశాడు. చదివాను. తీసేస్తే వ్యూస్ పడిపోతాయని ఊరుకున్నాను. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే కనీసం వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. నేను ఆ గట్టు దగ్గరే ఉన్నాను. ఇందులో అమాయకత్వం ఏమీ లేదు.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే ఈ వ్యాపారం ఎలా మారిందో తెలుస్తుంది. పాడేరు బస్సులు దిగే జనానికి, జాతరకొచ్చిన చుట్టాలకి ఏమీ కాలేదు. వాళ్లు కాగితం ముక్క మీద రుచి చూసి కొంటారు, గోధుమ పాలు పులుస్తాయని వాళ్లకి తెలుసు. ఆగిపోయింది కొరియర్. హైదరాబాదు, బెంగళూరు నుంచి వాట్సాప్‌లో అడిగి, ఫోన్‌పే చేసి తెప్పించుకునే వాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. వాళ్ల చేతిలో రుచి లేదు, నమ్మకమొక్కటే ఉంది. దాన్ని తెచ్చింది ఆ ఫోనే, పట్టుకుపోయిందీ ఆ ఫోనే. పెట్టె మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉందని దుకాణం ఆయన ఫొటోలు తీసి పంపిస్తే, జవాబుగా మళ్లీ నా నురగే పంపారు.

ఆయన్ని నేను మావయ్యా అనే పిలుస్తాను. వెళ్తే అరవలేదు. ‘ఏటి బాబూ ఇలగ చేసేవు? నువ్వు కాకపోతే ఏదో అనుకుందుం’ అన్నాడు. ‘నేను మొత్తం చెప్పేను మావయ్యా, వాళ్లు కోసేసేరు’ అన్నాను. ‘కొయ్యడానికి అంత బాగా దొరికేలాగ ఎవలు పెట్టేరు?’ అన్నాడు.

ఈ ప్రశ్న నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఎందుకంటే వీడియోల్లోకి రాకముందు ఒక పత్రికకి కంట్రిబ్యూటర్‌గా చేశాను. 1974లో విశాఖలో పుట్టిన ‘ఈనాడు’ 1989లో జిల్లా పేజీలు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మాలాంటి మండలాల్లో పెరిగిన కొలువు అది. వార్త మాది, హెడ్డింగు డెస్కుది. హెడ్డింగు వార్తని మించితే మేమే ఫోన్ చేసి పోట్లాడేవాళ్లం. ఊళ్లో మొహం చూపించాల్సింది మేము కదా! వీడియోకొచ్చేసరికి కంట్రిబ్యూటరూ నేనే, డెస్కూ నేనే. పోట్లాడేవాడు లేడు.

ఒకసారి నేను పంపిన వార్తలో పేరు తప్పు పడింది. మర్నాడు సవరణ వేశారు. చిన్న అక్షరాల్లోనే అయినా అదే పేజీలో, అదే కట్టల్లో, అదే ఇళ్లకి వెళ్లింది. చదవడం మానడం వాళ్లిష్టం, కానీ గుమ్మం దాకా చేరింది. ఈసారి అసలు వీడియో తీసేసి, తప్పు నాదని ఇంకోటి పెట్టాను. దాన్ని చూసింది నన్ను ఎప్పుడూ చూసేవాళ్లే. కత్తిరింపు చూసినవాళ్లు ఎవరో, ఏ గ్రూపుల్లో ఉన్నారో నాకు తెలియదు. వాళ్ల గుమ్మం నాకు కనపడదు. నా సవరణని వాట్సాప్ పట్టుకెళ్లే దారి కూడా లేదు. దాన్ని ఫార్వర్డ్ చెయ్యాలని ఎవరికీ అనిపించదు, అందులో భయమేముంది?

పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న పుకారుతో మనుషుల్ని కొట్టి చంపాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులని అయిదుకి కుదించింది. 2020లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్కరికే అంది. మంచిదే. కానీ ఫోన్లో దింపుకుని కొత్తగా ఎక్కిస్తే అది మళ్లీ తాజా సరుకు. నా నురగ అలాగే తిరిగింది. ఒక చోట దానికి పాట కూడా తగిలించారు.

ఇప్పుడు కూడా వీడియోలు చేస్తున్నాను. పోస్టు చేసే ముందు ఎక్కడ కోసినా అబద్ధం అవుతుందా అని ముక్కముక్కగా ఆపి చూసుకుంటాను. ఇలా చేస్తే చూసేవాళ్లు తగ్గారు, ఆ మాట దాచను. మావయ్య కొడుకు దుకాణానికి సొంత పేజీ పెట్టాడు. కలపడం, ముక్కలు కొయ్యడం, నెయ్యి. పాలు పులిసే గది మాత్రం ఎక్కడా చూపించడు. నిజానికి చూపించాల్సింది అదే, అందులో దాచడానికి ఏమీ లేదు. ఆ మాట వాడితో అనడానికి నాకు నోరు రాలేదు. గది తలుపు మీద ‘ఫోన్లు తీయరాదు’ అని కాగితం అంటించారు. మొన్న ఎవరో యాత్రికులు ఆ కాగితాన్నే ఫొటో తీసుకుని, లోపల ఏం దాస్తున్నారని అడిగారట.