నమ్ముతున్నాను అంటే ఏమిటని మా పాప అడిగింది

సౌదీలో ఉండేవాళ్లకు ఇకామా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అందులో మతం అని ఒక వివరం ఉంటుంది. మాకు ఒక్క మాటలో రాసి ఉంది. ఆఫీసు పనులకు ఆ ఒక్క మాట చాలు. ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల ఉంటే మాత్రం చాలదు.

మేము జుబైల్‌లో ఉంటాం. మావారు పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజనీరు. నేను గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి ఇల్లు చూసుకుంటున్నాను. వచ్చే వేసవి సెలవుల్లో పాపను మా ఊరి పాస్టరు గారి దగ్గర కన్ఫర్మేషన్ పాఠాలకు పంపుదామని అనుకున్నాం. ఆ మాట చెప్పగానే పాప అడిగింది: "అమ్మా, నువ్వు నిజంగానే నమ్ముతావా? లేక నాయనమ్మా తాతయ్యా నమ్మారు కాబట్టి నమ్ముతున్నావా?"

పుట్టిన ఊళ్లో ఉంటే ఈ ప్రశ్న నా దాకా వచ్చేది కాదేమో. అక్కడ ఆదివారం పొద్దున్నే గంట మోగుతుంది, తెల్ల చీర కట్టుకుని వెళ్తాం, అందరితో పాటు నిలబడి విశ్వాస ప్రమాణం చెప్తాం, ఇంటికొచ్చి కోడికూర వండుకుంటాం. నమ్మకం అలవాటులో కలిసిపోయి ఉంటుంది. ఇక్కడ చర్చిలు లేవు. ముస్లిమేతరులు బహిరంగంగా ఆరాధన చేసుకోవడానికి అనుమతి లేదు. ఇది ఈ దేశపు నియమం. ఉద్యోగానికి వచ్చిన మేము తెలిసే వచ్చాం, పాటిస్తున్నాం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఇంట్లో మేము ముగ్గురమే కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. ఏడాదికి రెండు మూడుసార్లు 1986లో కట్టిన కాజ్‌వే దాటి బహ్రెయిన్ వెళ్తాం. పాతిక కిలోమీటర్ల ఆ వంతెన అవతల, మనామాలో, పదిమందితో గొంతు కలిపి పాడుకుంటాం. మిగతా రోజులన్నీ పాపకు చర్చి అన్నా, సండే స్కూలన్నా నేనూ వాళ్ల నాన్నే. అందుకే ఆ ప్రశ్నకు జవాబు రాసి ఇద్దామని కూర్చున్నాను.

ముందు నాయనమ్మ సంగతి. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. ఆయనా, ఆయన తరువాత వచ్చినవాళ్లూ బళ్లు పెట్టారు, ఆసుపత్రులు కట్టారు. మా పెద్దలు ఊరి చివర పేటలో ఉండేవాళ్లు. ఊళ్లో గుడి మెట్లు ఎక్కనిచ్చేవారు కాదు, బావిలో చేద వేయనిచ్చేవారు కాదు. మా నాయనమ్మ చదువుకున్నది మిషన్ బళ్లో. ఆవిడ చదివిన మొదటి పుస్తకమూ చివరి పుస్తకమూ బైబిలే. దేవుడు తనను కూడా పేరు పెట్టి పిలుస్తాడు అన్న మాట ఆవిడకు సిద్ధాంతం కాదు, తల ఎత్తుకుని నడవడానికి కారణం. కాబట్టి పాపకు మొదట రాసింది ఇదీ: అవును, ఇది నాకు పెద్దల నుంచి వచ్చింది. అలా వచ్చినందుకు నాకు చిన్నతనం లేదు. అయితే వాళ్ల కారణాలు వాళ్లవి, నావి నేను వెతుక్కోవాలి.

సైన్సు చదివినదాన్ని కాబట్టి రెండోది అక్కడి నుంచే మొదలుపెట్టాను. వాళ్ల నాన్న ప్లాంటు నడిచేది ఈ నేల కింది చమురూ గ్యాసూ మీద. ఇక్కడి పెద్ద చమురు క్షేత్రం ఘవార్‌లో నూనె ఉన్న రాతి పొరలు జురాసిక్ కాలానివి, అంటే సుమారు పదిహేను కోట్ల ఏళ్ల నాటివి. ఆ జీతంతో అన్నం తింటూ, లోకం వయసు ఆరువేల ఏళ్లని పిల్లకు చెప్పడం నాకు కుదరని పని. ఆదికాండంలో ఆరు రోజుల లెక్కను నేను క్యాలెండరుగా చదవను. ఈ లోకం ఊరికే రాలేదు, ఇది మంచిది, మనిషికి దీని మీద బాధ్యత ఉంది అన్న మూడు మాటలుగా చదువుతాను.

అలాగని సైన్సులో దేవుణ్ణి నిరూపించే పనీ పెట్టుకోను. విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు కాథలిక్ ఫాదరు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆయనే ఆద్యుడు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యం అన్నట్టు మాట్లాడితే లెమైత్ర్‌కు అది నచ్చలేదు. దేని లెక్క దానిదే అన్నది ఆయన పద్ధతి. నాకూ అదే సరి అనిపిస్తుంది. ల్యాబులో టైట్రేషన్ చేస్తే రంగు మారిన చోట జవాబు తెలుస్తుంది. ప్రార్థనకు అలాంటి రంగు లేదు.

ఇక అసలు కష్టమైన చోటు. 2020 మార్చి 15న ఇక్కడ అంతర్జాతీయ విమానాలు ఆపేశారు. వారం తిరిగేసరికి ఇండియా కూడా ఆపేసింది. ఏప్రిల్‌లో గుంటూరులో మా నాన్న పోయారు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ పది రోజులూ నేను వంటింట్లో నేల మీద మోకాళ్లూని అడిగాను. బతికించమని అడిగాను. అది కాదంటే నన్ను ఒక్కసారి చూడనివ్వమని అడిగాను. రెండూ జరగలేదు. సమాధి కార్యక్రమం ఫోన్‌లో చూశాను, మధ్యలో సిగ్నల్ పోయింది. అప్పుడు పాప చిన్నది. "దేవుడికి వినపడలేదా?" అని అడిగింది. నేను ఏమీ చెప్పలేదు, ఎత్తుకున్నాను.

ఆ తరువాత కొన్ని నెలలు ప్రార్థన నోటికి రాలేదు. యూట్యూబ్‌లో ఒకాయన, విశ్వాసం గట్టిగా ఉంటే రోగి లేస్తాడు అని చెబుతుంటే ఆపేశాను. కానుక పంపితే వీసా వస్తుందనీ, నూనె రాస్తే జబ్బు పోతుందనీ చెప్పే మాటలు ఇప్పుడు మన వాళ్లలో చాలా తిరుగుతున్నాయి. అవి నిజమైతే మా నాన్న చనిపోయింది నా విశ్వాసం చాలకపోవడం వల్ల అవ్వాలి. దాన్ని నేను ఒప్పుకోను. పాపకు అది కూడా రాశాను: ఎవరి ఇంట్లో చావు వచ్చినా అది వాళ్ల నమ్మకానికి పడిన మార్కు కాదు.

నన్ను మళ్లీ దగ్గరకు తెచ్చింది గెత్సేమనే తోట కథ. చిన్నప్పటి నుంచి విన్నదే. రేపు శిలువ వేస్తారని తెలిసిన రాత్రి యేసు కూడా అడిగాడు, ఈ గిన్నె నా నుంచి తొలగించమని. తొలగలేదు. అంటే నేను నమ్మే దేవుడికి, అడిగింది దొరకకపోవడం ఏమిటో లోపలి నుంచి తెలుసు. దీనితో నా దుఃఖానికి కారణం దొరకలేదు. కానీ వంటింట్లో ఆ పది రోజులూ నేను ఒక్కదాన్నే లేను అన్నది నాకు నిశ్చయమైంది. ప్రార్థన అంటే ఇప్పుడు నాకు మీట కాదు, నొక్కగానే పని జరగడానికి. ఎదురుగా ఒకరు ఉన్నారని తెలిసి మాట్లాడటం.

పై అంతస్తులో హైదరాబాదు ముస్లిం కుటుంబం ఉంది. ఆవిడను ఆపా అని పిలుస్తాను. రంజాన్‌లో హలీం పంపుతుంది, మా ఇంట్లో క్రిస్మస్‌కు అరిసెలు చేస్తే నేను పంపుతాను. ఈసా, మర్యమ్ వాళ్లకూ గౌరవనీయులే. ఖురాన్‌లో మర్యమ్ పేరుతో ఒక సూరా ఉంది. కానీ శిలువ దగ్గరకు వచ్చేసరికి మా దారులు వేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ దాచుకోం, ఎవరమూ వాదించుకోం. నాన్న పోయిన రోజు తలుపు బయట అన్నం గిన్నె పెట్టి, మెట్ల మీద దూరంగా కూర్చుని నాతో పాటు ఏడ్చింది ఆవిడే. నా దేవుడు ఆవిడ కన్నీళ్లను తక్కువగా చూస్తాడని నేను నమ్మలేను.

మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కెటికిజంలో ఒక పద్ధతి ఉంది. విశ్వాస ప్రమాణంలో ఒక్కో భాగం చెప్పి, దీనికి అర్థం ఏమిటి అని ప్రశ్న వేస్తాడు. ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పాలని రాసిన పుస్తకం అది. నేనూ అలాగే చివర్లో నావి కొన్ని వాక్యాలు రాసి ఇచ్చాను:

ఈ లోకం ఒకరి ప్రేమలోంచి వచ్చిందని నమ్ముతున్నాను. ఆ ప్రేమకు ముఖం యేసుదని నమ్ముతున్నాను. ఆయన మరణాన్ని దాటి లేచాడని నమ్ముతున్నాను, దాన్ని నిరూపించలేను. తాతయ్యను మళ్లీ చూస్తానని నమ్ముతున్నాను, ఎలాగో తెలియదు. నాకన్నా తక్కువవాళ్లని ఎవరినైనా అనుకున్న రోజు నా ప్రార్థన ఉత్త మాటలే అని నమ్ముతున్నాను.

పాప రెండుసార్లు చదివింది. "నిరూపించలేను అని రాశావు, పాస్టరు గారు ఏమీ అనరా?" అంది. అడిగి చూడమన్నాను. ఇప్పుడు తన నోట్‌బుక్‌లో తనవి రాసుకుంటోంది, నాకు ఇంకా చూపించలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో దీపం వెలుగుతుంది, కొందరి ఇళ్లలో నమాజు జరుగుతుంది, కొందరు ఏదీ వద్దనుకుంటారు. ఎవరైనా సరే, పరాయి దేశంలో పెరుగుతున్న పిల్లలు ఏదో ఒక రోజు ఇదే అడుగుతారు. పండుగ వంటలూ, పట్టు పరికిణీలూ మనం ఎలాగూ ఇస్తున్నాం. మీరు నమ్మేదేమిటో, నమ్మనిదేమిటో, తెలియనిదేమిటో ఒక పేజీ తెలుగులో రాసి పెట్టండి. నాకు మూడు వారాలు పట్టింది.