నడిపి రాజన్న, ఎస్‌డీబీ

మా గొల్లపల్లి వైపు, అంటే జగిత్యాల ప్రాంతంలో, వేములవాడ రాజన్నకు మొక్కుకొని కన్న పిల్లలకు ఆ దేవుని పేరే పెట్టుకోవడం పాత అలవాటు. ఒకే ఇంట్లో ముగ్గురికి అదే పేరైతే పెద్ద రాజన్న, నడిపి రాజన్న, చిన్న రాజన్న అంటారు. ఇందులో చిక్కేమీ లేదు. పుట్టిన వరుస ఒకసారి ఏర్పడితే ఇక మారదు. నడిపివాడు నూరేళ్ళు బతికినా నడిపివాడే.

లినక్సు సర్వర్లు డిస్కులకు పేర్లు పెట్టే తీరూ ఇటువంటిదే. మొదట కనబడినది ఎస్‌డీఏ, తరువాతిది ఎస్‌డీబీ, ఆపైది ఎస్‌డీసీ. అయితే డిస్కులకు ప్రతి బూటూ ఒక కొత్త జన్మ. మదర్‌బోర్డు మీది సాటా పోర్టులకు ఒక డ్రైవరు, విడిగా బిగించిన రెయిడ్ కార్డుకు మరొక డ్రైవరు ఉన్నప్పుడు, ఏది ముందు మేలుకొంటే దాని డిస్కులకే ముందు అక్షరాలు దక్కుతాయి. నిన్నటి పెద్దవాడు నేడు నడిపివాడు కావచ్చు.

ఇది వట్టి పేర్ల గొడవ కాదు. నేనెరిగిన ఒక కార్యాలయంలో రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్టు ఎస్‌డీబీని తుడిచి, దానిమీద నకలు రాసేది. ఒకనాడు కొత్త కార్డు బిగించి సర్వరును తిరిగి లేపారు. ఆ రాత్రి ఎస్‌డీబీ అంటే జీతాల లెక్కలున్న డిస్కు. స్క్రిప్టు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. పోయిన లెక్కలను కాగితాలు చూసి మళ్ళీ ఎక్కించడానికి ఇద్దరు గుమాస్తాలకు మూడు వారాలు పట్టింది.

పూర్వం దీనికి విరుగుడుగా మాడ్‌ప్రోబ్.కాన్ఫ్ ఫైలులో అడాప్టర్ల డ్రైవర్లను ఒక వరుసలో రాసి, ఇనిట్‌ఆర్‌డీని మళ్ళీ తయారుచేసేవారు. రూటు డిస్కుకు కావలసిన డ్రైవరు అందులో లేకపోతే సర్వరు లేవనే లేవదు. తాళంచెవిని లోపలే ఉంచి పెట్టెకు తాళం వేసినట్టే. నేటి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కూ ఈ నియమం వర్తిస్తుంది. వరుసను మాత్రం ఇక నమ్ముకోరాదు. నేటి కెర్నెళ్ళు పలు డిస్కులను ఏకకాలంలో పరీక్షిస్తాయి గనుక, ఒకే కార్డు మీది డిస్కుల వరుసకూ హామీ లేదు.

2003లో మొదలైన యూడెవ్ మేలైన దారి చూపింది. అది ఒక్కో డిస్కుకు పలు పేర్లు ఇస్తుంది. బై-పాత్ అనేది చిరునామా: ఏ కార్డు, ఏ పోర్టు. కార్డును మరో స్లాటులోకి మారిస్తే, డిస్కులో ఒక్క అక్షరం మారకున్నా ఈ పేరు మారుతుంది. 2016 అక్టోబరు 11న మా గొల్లపల్లి మండలం కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల జిల్లాకు మారింది. ఊరు అంగుళమైనా కదలలేదు. బై-ఐడీ అనేది పుట్టుమచ్చ: తయారీదారు ఇచ్చిన మోడలు పేరు, క్రమసంఖ్య. ఇక బై-యూయూఐడీ డిస్కుది కాదు, దానిమీది ఫైల్‌సిస్టముది. డీడీతో డిస్కును యథాతథంగా నకలు తీస్తే రెండింటికీ అదే యూయూఐడీ వస్తుంది. రెండూ ఒకే సర్వరులో ఉంటే మళ్ళీ మొదటి చిక్కే.

కనుక ఎఫ్‌ఎస్‌ట్యాబులో మౌంటు చేయడానికి యూయూఐడీ రాయండి. తుడిచే పనికీ, ఫార్మాటు చేసే పనికీ బై-ఐడీ వాడండి. తుడిచి మళ్ళీ ఫార్మాటు చేస్తే యూయూఐడీ మారిపోతుంది, పుట్టుమచ్చ మారదు. ఏ గూటిలో ఏ క్రమసంఖ్య ఉందో ఒక కాగితం మీద రాసి సర్వరు మూతకు అతికించండి. అర్ధరాత్రి చెడిన డిస్కును ఊడదీయవలసి వచ్చినవారికి, ఎస్‌డీబీ అన్న మాట కన్నా ఆ కాగితమే అక్కరకు వస్తుంది.