రేవులో ఇంజను చప్పుడు వినండి

కోనసీమ వెళ్తున్నారా? కొబ్బరితోటలు, ఆత్రేయపురం పూతరేకులు సరేనండీ! గౌతమి, వశిష్ఠల మధ్య సీమ ఇది. వంతెనలెన్ని వచ్చినా లంకలకి వెళ్లాలంటే పడవ ఎక్కాల్సిందే. ఎక్కేముందు ఒక్క నిమిషం డీజిల్ ఇంజను చప్పుడు వినండి. ఒకే లయలో కొట్టుకుంటే మంచిదే. ఒడ్డునుండగానే తడబడుతూ ఆగిపోతుంటే మాత్రం ఎక్కకండి.

కారణం చాలాసార్లు చిన్నదే. వేడి అన్నం గిన్నె మూతకి నీళ్లు పట్టినట్టు, సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ నీరై అడుగుకి చేరుతుంది. ఫిల్టరుకి మడ్డి పట్టినా, డీజిల్ పైపులో గాలి చేరినా అంతే. అడుగు నీళ్లు వదిలి, ఫిల్టరు మార్చి, గాలి తీసేస్తే ఇంజను దారికొస్తుంది. ఆ పని రేవులో అవ్వాలి గానీ ఏటి మధ్యలో కాదు. ఇంజను ఆగిన పడవని ప్రవాహం ఎటు లాగితే అటే!

గోదావరి పోటులో పడవ ప్రయాణం ఎంత ప్రమాదమో 2018 జూలై 14న చూశాం. పశువుల్లంక దగ్గర గౌతమిలో, కడుతున్న వంతెన స్తంభానికి గుద్దుకుని పడవ బోల్తాపడింది. బడిపిల్లలు నీటిపాలయ్యారు.

అందుకే లైఫ్‌జాకెట్ అడగడానికి మొహమాటపడకండి. మధ్యలో ఇంజను ఆగితే అందరూ లేచి ఒక పక్కకి చేరకండి. లంగరు వేయమనండి. జనం ఎక్కువుంటే తర్వాతి పడవకి వెళ్లండి. చుట్టాలింటికి అరగంట ఆలస్యమైతే కొంప మునగదు కదా!